తూర్పు గెనిమ మీద రెక్కలు

పై అరల్లో పురుగులు తలలెత్తి ఊగుతున్నాయి.

ఆకలేమో అనుకున్నది తనుజ. నాలుగో జ్వరం లేచిన, అంటే నాలుగోసారి చర్మం విడిచిన పట్టుపురుగులు ఆకు కోసం అట్లాగే తలలెత్తుతాయి. మోపు విప్పి కింది అరల్లో మల్బరీ కొమ్మలు పరిచింది. పరిచినచోటల్లా ఎండుటాకుల మీద చినుకులు పడినట్టు చప్పుడు మొదలైంది. వేల నోళ్ళు ఆకు కొరికే ఆ చప్పుడు వింటుంటేనే ఆమెకు చేతులు ఆడతాయి. బల్ల ఎక్కి పై అరల్లోనూ పరిచింది. చెవి దగ్గర పెట్టి విన్నది. ఏమీ లేదు.

ఒక పురుగును తీసి అరచేతిలో పెట్టుకున్నది. తెల్లవారి ఆకు వేసేటప్పుడు చిటికెన వేలంత ఉన్నది, ఇప్పుడు కుంచించుకొని పోయింది. దాని నోట్లోంచి పచ్చటి రసం కారి అరచేతికి అంటింది. పక్కదీ అంతే. ఆ పక్కది అప్పటికే కదలడంలేదు.

"అత్తా," అని పిలిచింది.

మారమ్మ వాకిట్లో బ్లీచింగు నీళ్ళ తొట్టిలో కాళ్ళు తడుపుకొని, చేతులు కడుక్కొని లోపలికి వచ్చింది. కొంపలంటుకున్నా ఆ షెడ్డులోకి ఎవరూ కాళ్ళు తడపకుండా రారు. పై అర అంచు పట్టుకొని చాలాసేపు చూసింది. కింది అరకేసి చూసింది. కొమ్మలకేసి మాత్రం చూడలేదు. తరువాత తలుపుకేసి తిరిగింది.

ఈగలు రాకుండా కొట్టిన వల తలుపుకు అవతల మోనిష నిలబడి ఉన్నది. రెండో తరగతి. మూడునెలల పరీక్షల సెలవులు. చేతిలో మూతకు బొక్కలు పొడిచిన ప్లాస్టిక్ డబ్బా.

"ఏముండాది దాంట్లో?" అన్నది మారమ్మ.

"జిల్లేడుది అవ్వా, గొంగళి. రేపో ఎల్లుండో తలకిందులుగా వేలాడి గూడు కట్టుకుంటాది. పచ్చగా, చుట్టూరా బంగారు చుక్కలు..."

మారమ్మ తలుపు తీసి బయటికి పోయి డబ్బా లాక్కొని కంచె అవతలికి విసిరింది. "అడివి పురుగులన్నీ పట్టుకొని తిరిగిన చెయ్యి. ఆ చేత్తో ఇంటి పురుగుకు ఆకు వేస్తే ఇంకేమైతాది."

"పాప లోపలికి రానేలేదత్తా. మొదటి ఆకు వేసిన దినం తప్ప..."

"ఆ దినమే చాలు కదా."

ఆ ఇంట్లో, ఆ ఇంట్లోనే కాదు, తమిళ సీమలోని మహేంద్రమంగళం పక్కనున్న ఆ తెలుగోళ్ళ ఇండ్లన్నింట్లో, చిన్న పురుగులు ఇంటికి వచ్చిన దినం మొదటి ఆకు ఆడపిల్ల చేత్తో వేయిస్తారు. మోనిష చేతికి మంచి రాశి, మంచి హస్తవాసి ఉండాదని మొదట చెప్పింది మారమ్మే. పక్కిండ్లవాళ్ళు వచ్చి అడిగి తీసుకొనిపోతుంటే కొంగుతో మనవరాలి మొగం తుడిచి పంపింది కూడా మారమ్మే. ఇప్పుడు ఆ చెయ్యినే చూపించి, "రాశి తిరిగిపోయింది," అన్నది. గట్టిగా కూడా అనలేదు. పాలు విరిగిపోయినాయి అన్నట్టు అన్నది.

మోనిష తన చెయ్యిని తిప్పి అరచెయ్యి చూసుకున్నది. వెనక్కి తిప్పి చూసుకున్నది. తరువాత దాన్ని పావడ మడతల్లోకి దోపుకున్నది.

*

మరుసటి పొద్దున పాల సొసైటీ దగ్గర క్యాన్లు వరసలో పెట్టి ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. తనుజ మోనిషను వెంట పెట్టుకొని పోయింది. గోపమ్మ చంకలోని పసిబిడ్డ ఎప్పటిలాగే మోనిషకేసి ఒంగి చేతులు చాచింది. గోపమ్మ బిడ్డను ఇంకో చంకకు మార్చుకున్నది.

"ఏమక్కా," అన్నది తనుజ.

"ఏమీ లేదు తనుజా. దీనికి జలుబు." గోపమ్మ క్యానుకేసి చూస్తూ అన్నది. కొంచెంసేపటికి ఉండబట్టలేక, "మీ అత్త నిన్న సాయంత్రం ఈడనే చెప్పింది. పై అరలన్నీ పోయినాయంట కదా. పాపం, చిన్నపిల్ల, దానికేమి తెలుసు," అన్నది.

వరసలో మిగతావాళ్ళు జాలిగా చూసినారు. ఆ జాలి తనుజకు చెంపదెబ్బకన్న గట్టిగా తగిలింది. తిట్టేవాళ్ళతో పోట్లాడొచ్చు. జాలిపడేవాళ్ళతో ఏమి పోట్లాడేది.

ఇంటికి వచ్చినాక మోనిష పళ్ళెం ముందర కూర్చొని అన్నం ముట్టుకోలేదు. "నువ్వే తినిపియ్యిమా," అన్నది. రెండు చేతులూ పావడలోనే ఉన్నాయి. మేకపిల్ల వచ్చి మోకాలు నాకింది. దాన్ని మోచేత్తో తోసింది. పొద్దున తలదువ్వుకోవడానికి దువ్వెన కూడా పట్టుకోలేదని తనుజకు అప్పుడు తోచింది.

ఊరోళ్ళ టమాటా పెట్టెలు టెంపోలో ఎక్కించి హోసూరుకు పోయిన సెంథిల్‌కుమార్ మధ్యాహ్నానికి తిరిగొచ్చినాడు. కాళ్ళు కడుక్కొని, అమ్మ చెప్పింది విని, భార్య చెప్పింది విని, వాకిట్లో చెప్పులకేసి చూస్తూ అన్నాడు: "కొన్ని దినాలు పాపను తీర్థమలైలో మీ అమ్మ దగ్గర వదులుదాము. మిగిలిన పురుగులు గూళ్ళు కట్టినాక పోయి తెచ్చుకుందాము."

"పోతే అదే నిజమైపోతాది."

"నిజమో అబద్ధమో మనకేమి తెలుసు?"

"తెలుసుకుంటాను."

"నువ్వేమి పట్టు ఆఫీసరువా?"

"కాదు. ఆకు వేసేదాన్ని."

అన్నదైతే అన్నది గాని, షెడ్డులో చచ్చిన పురుగుల్ని తీసి బకెట్లో వేస్తూ, పడకల మీద సున్నం చల్లుతూ ఉంటే తనుజకు పాత మాటే గుర్తొస్తున్నది. చిన్న పురుగుల్ని తెచ్చి ఇచ్చే మనిషి ఒకసారి చెప్పింది నిజమే: బయటి గొంగళ్ళను షెడ్డు చుట్టుపక్కలకు రానీయొద్దు, వాటి రోగం వీటికి వస్తాది. ఆ మాట విని కూడా ఆమె పాపను ఆపలేదు. డబ్బా మూతకు బొక్కలు పొడిచి ఇచ్చిందే ఆమె. బడి తొమ్మిదో తరగతిలో ఆగిపోయినాక ఆమెకు మళ్ళీ ఏదన్నా నేర్చుకున్నట్టు అనిపించింది ఈ బిడ్డతో చేను గట్ల మీద, గెనిమలమీద తిరిగినప్పుడే. తన సరదా వల్ల పంట పోయిందా? బిడ్డ చెయ్యికి చెడ్డపేరు తెచ్చింది తనేనా?

అయితే రోగమైతే అన్ని అరలకూ రావాల కదా. ఒళ్ళు ఉబ్బాల, పసుపెక్కాల, దినాలు పట్టాల. ఇవి తెల్లవారి బాగుండి పొద్దెక్కేసరికి పోయినాయి. పైన మాత్రమే పోయినాయి. ఆ తెల్లవారి రెండు మోపులొచ్చినాయి. ఒకటి మామ నరసప్ప తెచ్చింది, కింద వేసింది. ఇంకోటి అత్త తెచ్చింది.

"అత్తా, నిన్న పొద్దున మీరు ఆకు యాడ కోసినారు?" అని అడిగింది, చేటలో రాగులు చెరుగుతున్న మారమ్మను.

"బావి పక్క. ఏమిటికి?"

"సుమ్మనె, ఊరికే అడిగినాను."

చేట ఆగలేదు. రాగులు ఎగిరి చేటలోనే పడినాయి.

*

"నేను రాను," అన్నది మోనిష మరుసటి తెల్లవారి.

"చేతులు పావడలోనే పెట్టుకొని రా. కండ్లు ఉండాయి కదా."

ఆకు కోయడానికి పోయేటప్పుడు ఇద్దరూ దారి పొడుగునా రెక్కల పురుగుల్ని, సీతాకోకచిలుకల్ని చూసుకుంటూ పోవడం అలవాటు. పుస్తకాల్లోని పేర్లు ఇద్దరికీ తెలియవు. ఏ చెట్టు ఆకు తిని పెరిగితే ఆ చెట్టు పేరే పెట్టుకున్నారు. తొలి వానకు తంగేడు చిగురు వేస్తే, ఆ చిగురు తిని పసుపుపచ్చగా గుంపులు గుంపులుగా వచ్చేవి తంగేడువి. ఆడి నెల గాలికి దీపం చుట్టూ తిరిగి గోడకు కరుచుకొనే లావు రెక్కలది ఆముదంది. చలినెలల్లో మామిడి మీది బదనికలో పుట్టి, ఎర్రంచు చీర కట్టుకున్నట్టు పైకొమ్మల్లోనే తిరిగేది బదనికది. కరివేపాకుది మాత్రం అన్ని కాలాల్లోనూ ఇంటి చుట్టమే. చిన్నప్పుడు అది అచ్చం కోడిరెట్టలాగా ఉంటాదని మోనిష చెప్పి చెప్పి నవ్వుతుంది.

ఇప్పుడు, పురట్టాసి నెలలో వచ్చేవాటికి చెట్టు పేరు లేదు. అవి ఇక్కడ పుట్టేవి కావు. నల్లరెక్కల మీద లేతనీలం చారలు, చుక్కలు. వాటితో కలిసి గోధుమరంగువి. తూర్పు కొండల నుంచి వచ్చి, గెనిమల మీది, ఎండుకాయలు గిలకల్లా మోగే గిలకచెట్ల ఆకులకు వేలాడి, ఆ పసరు పీల్చి, కొన్ని దినాలు ఆగి పడమరకు పోతాయి. తీర్థమలైకి నడిచిపోయేవాళ్ళు సత్రంలో ఆగినట్టు. వాటికి మోనిష పెట్టిన పేరు యాత్రోళ్ళు.

కుంటపక్క గెనిమ మీద యాత్రోళ్ళు కిటకిటలాడుతున్నారు. ఎండ ఇంకా రాలేదు. రెక్కలు మూసుకొని కాయల్లాగా వేలాడుతున్నారు. మోనిష చేతులు బయటికి తియ్యకుండానే మొగం దగ్గరగా పెట్టి చూసింది. మొన్నటినుంచి మొదటిసారి ఆ మొగం కొంచెం విచ్చుకున్నది.

ఆడ నుంచి తూర్పు గెనిమకు పోయినారు. గెనిమకు ఇవతల వాళ్ళ మల్బరీ, అవతల రంగరాజు టమాటా తోట. రంగరాజు మారమ్మకు తమ్ముడు. ఆ చేనూ నరసప్పదే. బావమరిది అడిగినాడని గుత్తకిచ్చినాడు. ఇచ్చేటప్పుడు ఒకటే మాట చెప్పినాడు: ఒక్క చుక్క మందు మల్బరీ పక్కకు వచ్చిందని తెలిసిన దినం చేను ఖాళీ చెయ్యాల.

గిలకచెట్లు ఉన్నాయి. వాటి మీద ఏమీ లేదు.

"యాత్రోళ్ళు పోయినారామా?"

"ఆడ ఉండారు కదా. ఈడ మాత్రమే ఎట్ల పోతారు?"

మోనిష వంగింది. "రెక్కలు ఉండాయి," అన్నది మెల్లగా.

గడ్డిలో, మట్టిపెళ్ళల సందుల్లో, చీరకొంగు చింపి చల్లినట్టు నీలం చారల రెక్కలు. చీమలు ఒక రెక్కను నిలబెట్టి తెరచాపలాగా లాక్కొని పోతున్నాయి. ఒకటి ఇంకా బతికే ఉన్నది. వెల్లకిలా పడి కాళ్ళు ఆడిస్తూ, చుట్టుకోవాల్సిన నాలుకను చాపి. మోనిష చెయ్యి పావడలోంచి సగం బయటికి వచ్చింది. మళ్ళీ లోపలికి పోయింది.

"నేను ముట్టుకోలేదుమా."

"తెలుసు."

తనుజ మోపు తాడు నడుముకు చుట్టుకొని గెనిమ పొడుగునా నడిచింది. టమాటా ఉన్నంతదూరం రెక్కలు ఉన్నాయి. టమాటా అయిపోయి రాగిచేను మొదలైనచోట రెక్కలు ఆగిపోయినాయి. అక్కడి గిలకచెట్టు మీద యాత్రోళ్ళు వేలాడుతున్నారు. వెనక్కి వచ్చి ఇంకోసారి నడిచింది. మళ్ళీ అంతే. టమాటా మొక్కల మొదట్లో ఎర్ర త్రికోణం గుర్తున్న ఖాళీ పురుగుమందు డబ్బా పడి ఉన్నది. మల్బరీ ఆకును తుంచి ముక్కు దగ్గర పెట్టుకున్నది. కుళ్ళిన వెల్లుల్లి వాసన. ఆకు మీద ఆరిపోయిన తెల్లటి చుక్కలు.

అప్పుడు చూసింది మోళ్ళను. అంచు వదిలి ఆ తరువాతి వరసల్లో కొమ్మలు కోసి ఉన్నాయి. మామ కత్తెరతో కోస్తాడు, మోడు తిన్నగా ఉంటాది. ఇవి ఏటవాలుగా ఉన్నాయి. కొడవలితో కోసేది ఆ ఇంట్లో ఒక్కరే.

బావి పక్క అని చెప్పింది కదా అత్త. మరిచిపోయిందేమో. మందు కొట్టింది తెలియదేమో. తెలిస్తే కోయదు కదా, ఆమె మాత్రం పంట పోవాలనుకుంటుందా.

మోనిష తల్లి చీర పట్టుకొని లాగింది. "అయితే నా చెయ్యి కాదా?"

తనుజ ఆ చెయ్యి దాగిన పావడ మడతకేసి చూసింది. తను చెప్తే ఈ పిల్ల నమ్ముతుంది, కాని సొసైటీ దగ్గర గోపమ్మ నమ్మదు. అత్తతో చెప్తే పూచ్చులు, ఈ రెక్కల పురుగులు చచ్చింది కూడా దీని చేతివల్లే అంటుంది. మాటలు ఎన్ని చెప్పినా జాలిపడే మొగాలు అట్లే ఉంటాయి. కండ్లతో చూడాల, అందరూ ఒకచోట నిలబడి చూడాల.

తూర్పు గెనిమ పక్క కొంచెం, బావి పక్క కొంచెం కోసి, రెండు కట్టలు కలవకుండా వేరువేరు తాళ్ళతో కట్టింది.

*

మధ్యాహ్నం నరసప్ప అరుగు మీద కత్తెరకు నూనె పెడుతున్నాడు. సెంథిల్‌కుమార్ టెంపో టైరుకేసి చూసి వచ్చి స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు. మారమ్మ మునగాకు దూస్తున్నది. తనుజ రెండు చేటల్లో పాత పేపరు పరిచి, కింది అరల్లో బాగా తినే పురుగుల్ని ఏరి రెండింటిలోనూ వేసి అందరి మధ్య పెట్టింది.

"ఏమిటమ్మా ఇది?" అన్నాడు నరసప్ప.

"చిన్న పని మామా. ఈ చేటలో పాప ఆకు వేస్తాది. ఆ చేటలో అత్త వేస్తారు. సాయంత్రంకల్లా తెలిసిపోతాది."

"ఏమి తెలిసేది?"

"చెయ్యా, ఆకా అని."

"తనుజా," అన్నాడు సెంథిల్‌కుమార్, ఇక చాలు అన్నట్టు.

ఆమె అతనికేసి చూడలేదు. కూతురి ముందర కూర్చొని బావి పక్క ఆకు కట్ట విప్పింది. "చెయ్యి బయటికి తియ్యి."

మోనిష తల అడ్డంగా ఊపింది. "చచ్చిపోతే?"

ఆ ప్రశ్న తనుజను కూడా పొద్దున్నుంచి తింటున్నది. బావి పక్కకు కూడా గాలి వీచి ఉంటే? ఆ చెయ్యికి నిజంగానే ఏదన్నా అంటుకొని ఉంటే? ఒకసారి అందరి ముందర ఈ పిల్ల చేతికింద పురుగు తల వేలాడేసిందంటే ఇక ఏ నీళ్ళతో కడిగినా పోదు. ఒళ్ళంతా వద్దు వద్దు అంటున్నది. అయినా లేవలేదు.

"చచ్చిపోతే నేనే నిన్ను తీర్థమలైకి తీసుకొనిపోతాను. నేనూ ఆడనే ఉండిపోతాను. నువ్వొక్కదానివే పోయేది లేదు. తియ్యి."

చాలాసేపటికి చెయ్యి బయటికి వచ్చింది. చెమటకు ముడతలు పడి ఉన్నది. మోనిష ఒక ఆకు తీసి వేసింది. ఇంకొకటి వేసింది. పురుగులు పాకి ఆకు అంచు పట్టుకున్నాయి. చినుకుల చప్పుడు సన్నగా మొదలైంది. పిల్ల ఊపిరి బిగబట్టి వింటున్నది.

తనుజ లేచి రెండో కట్ట విప్పి అత్త దగ్గర పెట్టింది. "మీరు వెయ్యండత్తా."

మారమ్మ ఆకుకేసి చూసింది. దూసిన మునగాకు ఒడిలోనే ఉన్నది. చేతులు ఒడిలోనే ఉన్నాయి.

"అది వద్దు," అన్నది.

"ఏమిటికత్తా?"

"వద్దన్నాను కదా. తీసుకొనిపోయి పారెయ్యి."

"ఏమిటికి పారెయ్యాల?" నరసప్ప కత్తెర పక్కన పెట్టినాడు. "మన తోట ఆకే కదా. యాడిది అమ్మా అది?"

"తూర్పు గెనిమ పక్కది మామా. ఆడ ముందే కొన్ని వరసలు కోసిండాయి. ఏటవాలుగా."

ఒక చేటలో పురుగులు తింటున్నాయి. ఇంకో చేటలో తలలెత్తి ఆకు కోసం వెతుకుతున్నాయి. మారమ్మ వాటికేసి చూడలేక కొంగు తీసుకొని మెడ తుడుచుకున్నది.

"మా తమ్ముడు చెప్పినాడు," అన్నది చివరకు. "ఆదివారం కొట్టేటప్పుడే చెప్పినాడు. కొన్ని దినాలు ఆ పక్క కొయ్యొద్దక్కా అని. బావి పక్క మోకాలిదాకా బురద. నాకు ఆ బురదలో మోపు ఎత్తుకొని నడిచేది చేతకాలేదు. అంచు వరసలు వదిలి లోపలివి కోస్తే ఏమీ కాదనుకున్నాను."

"చచ్చినాక చెప్పొచ్చు కదా," అన్నాడు నరసప్ప.

"చెప్తే నువ్వు వాణ్ణి చేనులోంచి తరిమేస్తావు. తక్కాళి ఇప్పుడే ఎర్రబడతా ఉండాది."

"అందుకని పాప మీద పెట్టినావా?"

అది అన్నది సెంథిల్‌కుమార్. అన్నాక తనే భయపడినట్టు స్తంభానికి ఇంకొంచెం ఒదిగినాడు.

"చిన్నపిల్ల కదా," అన్నది మారమ్మ. "రెండు దినాల్లో మరిచిపోతాది అనుకున్నాను."

తనుజ పొద్దున్నుంచి ఎన్నో మాటలు కూడబెట్టుకున్నది. వేసినాక అవి చచ్చేదాకా అందరూ కూర్చొని చూడాలని, చూసినాక అత్తను ఇది అడగాలి, అది అడగాలి అని. అత్తకు ముందే తెలుసన్నది మాత్రం ఆ మాటల్లో యాడా లేదు. ఆకలితో ఉన్న పురుగులకేసి వంగి, కూతురి కట్టలోంచి మంచి ఆకు తీసి వాటికి కూడా వేసింది. చెడ్డ ఆకును తాడుతో మళ్ళీ బిగించి కట్టింది. అప్పుడు అన్నది:

"మీరు సొసైటీ దగ్గర చెప్పినారు కదత్తా. రేపు పొద్దున ఆడనే చెప్పండి."

"నలుగురి ముందరా?"

"నలుగురి ముందరనే కదా అన్నది."

"ఇంట్లో చెప్పేసినాను. ఇంకా ఏమిటికి నన్ను..."

"ఇంట్లో పాప చెయ్యిని ఎవరూ దూరం పెట్టలేదు. ఊరు పెట్టింది."

మారమ్మ మొగుడికేసి చూసింది. నరసప్ప కత్తెర తీసుకొని నూనెగుడ్డతో మళ్ళీ తుడవడం మొదలుపెట్టినాడు. కొడుకుకేసి చూసింది. అతడు చేటలోని పురుగులకేసి చూస్తున్నాడు. ఆమె ఒడిలోని మునగాకు గిన్నెలోకి దులిపి లేచి లోపలికి పోయింది.

*

పొద్దున తనుజ క్యాను తీసుకొని వాకిట్లోకి వచ్చేసరికి మారమ్మ ముందే దారిలో నిలబడి ఉన్నది, కొంగు నిండుగా కప్పుకొని. మోనిషతో కలిసి ముగ్గురూ సొసైటీకి నడిచినారు.

సొసైటీ గోడకు ఉన్న ట్యూబులైటు ఇంకా వెలుగుతూనే ఉన్నది. రాత్రంతా దాని చుట్టూ తిరిగిన పూచ్చులు తెల్లసున్నం గోడ నిండా అతుక్కొని ఉన్నాయి: బూడిదరంగువి, బెరడులాంటివి, ముక్కుపుడకంతవి. మోనిష తల్లి చెయ్యి వదిలి గోడ దగ్గరికి పోయింది.

వరసలో గోపమ్మ ఉన్నది, మునియమ్మాళ్ ఉన్నది, ఇంకా ఎవరెవరో ఉన్నారు. మగవాళ్ళ వరసలో రంగరాజు కూడా ఉన్నాడు. తమ్ముణ్ణి చూసి మారమ్మ ఆగిపోయింది. తనుజ పక్కన నిలబడింది, అంతే. అయితే క్యాను వరసలో పెట్టలేదు.

"ఏమక్కా, ఇంత పొద్దున్నే నువ్వొచ్చినావు?" అన్నది గోపమ్మ.

"నేను మొన్న ఒక మాట అన్నాను కదా." మారమ్మ తెలుగులో మొదలుపెట్టి, మునియమ్మాళ్ తమిళమావిడని గుర్తొచ్చి సగం తమిళంలో అన్నది. "పురుగులు పోయింది పాప చేతివల్ల కాదు. మందు పడిన ఆకు నేను కోసుకొని వచ్చినాను. తెలిసే కోసినాను. ఊరికే పిల్ల మీద పెట్టినాను."

పాలు కొలిచే మనిషి చేతిలో గరిట ఆగింది. రంగరాజు క్యాను కింద పెట్టి వచ్చినాడు. "చెప్పినాను కదక్కా నేను."

"చెప్పినావు. నేనే వినలేదు."

అతడు తల గోక్కున్నాడు. బావ సంగతి అడగాలని ఉన్నది; నలుగురిలో అడగలేకపోయినాడు. తనుజకేసి తిరిగి, "ఇంకమీద కొట్టేముందు నీకే ఫోను చేస్తానమ్మా," అన్నాడు.

"ముందు దినమే చెయ్యి చిన్నాయనా. గాలి యాపక్క ఉండాదో చూసి కొట్టు. మామతో నువ్వే వచ్చి మాట్లాడు."

అతడు సరే అన్నాడు. వరస మళ్ళీ కదిలింది. తనుజ క్యాను తెచ్చి పెట్టింది. గోపమ్మ వెనక్కి తిరిగి, మొగమంతా నవ్వుతో, "నేను అప్పుడే అనుకున్నాను, ఆ చెయ్యి అట్లాంటిది కాదని," అన్నది. "మధ్యాహ్నం మా ఇంటికి చిన్న పురుగులు వస్తా ఉండాయి. పాపను పంపు తనుజా. మొదటి ఆకు అది వేస్తే మాకు నిమ్మళం."

మారమ్మ మొగంలోకి రక్తం తిరిగొచ్చింది. "పంపుతాములే గోపమ్మా. దానికేమి."

మొన్నటిదాకా ఆ మాట వింటే తనుజకు ఒళ్ళు పొంగేది. పాపకు కొత్తపావడ కట్టి పంపేది. గోడ దగ్గర మోనిష రెండు చేతులూ సున్నానికి ఆనించి, గడ్డం ఎత్తి, ఏదో పెద్దదాన్ని చూస్తున్నది. వేళ్ళు విప్పుకొని ఉన్నాయి.

"పంపను అక్కా," అన్నది తనుజ.

"ఏమిటికి? కోపమా?"

"కోపం కాదు. పండితే దాని చెయ్యి అంటారు. పోతే కూడా దాని చెయ్యే అంటారు. నాకు రెండూ వద్దు. అది ఊరికే పిల్ల చెయ్యి. మీ ఆకు యాడ కోస్తారో చూసుకోండి. పక్క చేనోళ్ళను ఒక మాట అడగండి."

"ఏమి తనుజా, ఆచారం ఇది. మీ అత్త వేయలేదా, మీ అమ్మ వేయలేదా?"

"వేసినారు. నా కూతురు వెయ్యదు. మా ఇంట్లో కూడా వెయ్యదు."

గోపమ్మ నవ్వు మెల్లగా ఆరిపోయింది. మునియమ్మాళ్ "సరి విడు," అని, పోనీలే అన్నట్టు ఆమె భుజం తట్టింది. తనుజ క్యాను పిడిని రెండు చేతులతో పట్టుకొని నిలబడింది. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. పాలు కొలిచి పోసినారు. చీటీ చేతికి వచ్చింది.

"అమ్మా, ఇట్ల రా. దీన్ని మనం ఎప్పుడూ చూడలేదు."

ఆకుపచ్చ రెక్కల మీద గులాబీరంగు పట్టీలు, తెల్లటి వంపులు. అరచేతంత పూచ్చి గోడ మీద చలికి వణికినట్టు రెక్కలు ఆడిస్తున్నది. మోనిష దాని ముందర చెయ్యి ఆనించి పెట్టింది. అది ఒక కాలు ఎత్తి వేలి మీద పెట్టింది. ఇంకో కాలు పెట్టింది.

మారమ్మ అది చూసింది. ఖాళీ క్యాను కోడలి చేతిలోంచి తీసుకొని, ఇంటిదారి పట్టింది.

తనుజ కూతురి పక్కన గొంతుకూర్చున్నది. ఎండ గోడ మీదికి దిగేదాకా ఇద్దరూ ఆ చెయ్యికేసే చూస్తూ ఉన్నారు.